తొడిమల పని అయ్యాక

నాకు నోటి దురుసు ఎక్కువని మా అమ్మ ఎప్పుడూ అనేది. ఆ రోజు నన్ను ముంచింది దురుసు కాదు, తొందర. మూడు కల్లాలు తిరగాలి, ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి.

నేను పల్లెల్లో తిరిగే నర్సుని. ఆ ఫిబ్రవరిలో మిరపకాయల కల్లాలకు వెళ్లి, తొడిమలు తీసే ఆడవాళ్లకు ఎవరి రొమ్ములు వాళ్లే ఎలా పరీక్షించుకోవాలో చెబుతున్నాను. పరదా చాటున కూర్చోబెట్టి, మూడు వేళ్లు కలిపి గుండ్రంగా ఎలా తడిమి చూసుకోవాలో జాకెట్టు మీదనుంచే చూపించాను. కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, కాయల ఘాటుకు దగ్గుతూ తుమ్ముతూ నవ్వారు.

"ఈ చేతులతోనా నర్సమ్మా? సబ్బెట్టి నాలుగుసార్లు కడిగినా కన్ను నలుపుకోలేం. అక్కడ పెట్టుకుంటే ఇంకేమన్నా ఉందా?" అంది ఒకామె.

అందరూ ఘొల్లుమన్నారు. నేనూ నవ్వేసి, "సరే, ఏప్రిల్‌కి ఈ తొడిమల పని అయ్యాకే మొదలెట్టండి" అన్నాను. పొద్దున్నే పనికి వచ్చేముందు చూసుకోమనొచ్చు. చేతులకు నూనె రుద్ది కడుక్కోమనొచ్చు. ఆ ఆలోచనే రాలేదు నాకు.

సంచీ సర్దుకుంటుంటే నాకంటే పదేళ్లు పెద్దావిడ, అంతసేపూ నవ్వకుండా కూర్చున్న మనిషి, దగ్గరికొచ్చింది. "అప్పటిదాకా ఆగొచ్చా అమ్మాయ్?" అనడిగింది.

"ఆగొచ్చక్కా, ఏం కాదు" అన్నాను. ఎందుకు అడుగుతోందో అడగలేదు. బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాను.

ఏప్రిల్ చివర్లో ఆమె మా ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. "పని అయిపోయిందమ్మాయ్. నువ్వు చెప్పినట్టే చూసుకున్నా. అది ఇంకా ఉంది" అంది.

"ఏది?"

"గడ్డ. నువ్వొచ్చిన రోజుకి చింతగింజంత ఉండేది. ఇప్పుడు కాస్త పెరిగింది. నొప్పేం లేదులే."

తలుపు వేసి చూశాను. గట్టిగా, కదలకుండా తగిలింది. చేతులు కడుక్కునే వంకతో చాలాసేపు ఆమెవైపు తిరగలేదు. నొప్పి లేదని ఊరుకోకూడదని ఆ రోజు కల్లంలో చెప్పానో లేదో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మర్నాడే పట్నంలో, బ్రాడీపేటలోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. స్కాన్ తీశారు, సూదితో ముక్క తీశారు. రిపోర్టుకి వారం పట్టింది. ఆ వారం నాకు అన్నం సయించలేదు. ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను.

డాక్టరుగారు రిపోర్టు చదివి, క్యాన్సరేనని, ఆపరేషన్ చేయాలని నెమ్మదిగా చెప్పారు. తర్వాత పెన్ను తీసుకుని, "మొదట ఎప్పుడు గమనించారమ్మా?" అనడిగారు.

ఆమె నావైపు చూడలేదు. "పోయిన వారమేనండి" అంది.

ఒక్క క్షణం నా ప్రాణం తేలికపడింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. "కాదండి, ఫిబ్రవరికే ఉంది. ఆగమని నేనే చెప్పాను" అన్నాను.

ఆయన రాసుకున్నారు. ఈలోగా ఇంకెక్కడికైనా పాకిందేమో మరో పరీక్ష చేస్తేగానీ చెప్పలేనన్నారు.

మెట్లు దిగుతుంటే ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది. నా ఉద్యోగానికి భయపడి అబద్ధమాడిందనుకుని, "నాకేం కాదులే అక్కా" అన్నాను.

"నీ గొడవ ఎవరికి కావాలి?" అంది కోపంగా. "నీ మాట విని ఆగినందుకు నాకిట్టా అయిందని ఊళ్లో తెలిస్తే, రేపు నువ్వొచ్చి చెబితే ఒక్కతన్నా వింటదా? మా కోడలు ఆ కల్లంలోనే పని చేస్తది."