సంతోషం మీద ఫిర్యాదు

లోకనాథం బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. దేనికైనా 'చాలు' అంటాడు. మాటవరసకి అనడం కాదు, మనసారా అంటాడు. గంజిలో ఉప్పుకల్లు పడితే చాలు. ఫ్యాను తిరిగితే చాలు. కరెంటు పోయి ఆ ఫ్యాను ఆగిపోతే, "సముద్రం మీంచి గాలొస్తున్నాది, చాలు" అంటాడు. పెళ్ళెందుకు చేసుకోలేదు బాబాయ్ అని ఒకసారి అడిగితే, "నేనొక్కడిని చాలు కదమ్మా" అన్నాడు. ఓడరేవులో ముప్ఫై నాలుగేళ్ళు ఓడలకి తాళ్ళు కట్టి రిటైరైన మనిషి, ఇవాళే ఉద్యోగం వచ్చిన కుర్రాడిలా మొహం పెట్టుకుని తిరుగుతుంటే పక్కింటివాళ్ళకి ఎలా ఉంటుంది? నాకైతే ఒళ్ళు మండేది.

అసలు నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. ఉయ్యాల్లో ఉన్నప్పుడే పాలసీసా ఎత్తి అడుగు చూసేదాన్నని మా అమ్మ చెప్పేది. కొట్టువాడు నవ్వుతూ తూస్తే మళ్ళీ తూయమంటాను. మా ఆయన మణికుమార్ అడక్కుండా పూలు తెస్తే ముందు పూలు తీసుకుని, ఆ తర్వాత ఆయన ఫోను తీసుకుంటాను. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? అలాంటి నాకు దేవుడు ఏరికోరి ఈ బాబాయ్‌ని పొరుగున పెట్టాడు.

మా దీవి ఊళ్ళో డెలానీపూర్ పేటలో పదకొండేళ్ళు అద్దెకుండి, డాలీగంజ్ పేటలో కొండవాలు మీద రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. నా సొంత ఇల్లు! గోడకి మేకు కొట్టాలంటే ఎవరినీ అడగక్కర్లేదు. మొదటి నెలంతా అవసరం లేకపోయినా మేకులు కొట్టాను. చిక్కల్లా నీళ్ళతోనే. వేసవిలో రోజు విడిచి రోజు, పొద్దున్న ఆరింటి నుంచి ఏడింటిదాకా వదులుతారు. బాబాయ్ ఇల్లు మాకు నలభై రెండు మెట్లు కింద. రెండిళ్ళకీ కలిపి ఒకటే సన్న పైపు. ముందు ఆయన కుళాయి, ఆ తర్వాత మాది. ఆరింటికి ఆయనకొచ్చిన నీళ్ళు మాకు ఆరుంబావుకి గానీ రావు.

"రాజా, ఈ ఎండాకాలం గడిస్తే సరే. నీళ్ళకి కటకటైతే మాత్రం మళ్ళీ డెలానీపూరే. రోజూ బిందెలు మోయడం నావల్ల కాదు" అని మణికుమార్ నాకు తేల్చి చెప్పాడు. అంటే నా ఇల్లు, నా మేకులు, అన్నీ ఆ సన్న పైపు మీద వేలాడుతున్నాయన్నమాట. మరి నేను కింద కుళాయి మీద కన్నేసి ఉంచనా?

అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది. బాబాయ్ ఒక బిందె పట్టేవాడు తాగడానికీ వంటకీ. ఒక బకెట్టు పట్టేవాడు ఒంటికి. "చాలు" అనేవాడు. ఆరూ పదికల్లా కుళాయి కట్టేసేవాడు! నీళ్ళొచ్చిన రోజున ఊరంతా గరిటెలూ గిన్నెలూ కూడా వదలకుండా నింపుకుంటుంటే, ఈయన కుళాయి కట్టేస్తాడా? నమ్మమంటారా?

ఆ తర్వాత వాకిట్లో స్నానం. నేను పైనుంచి గోడమీదుగా చూసి లెక్కపెట్టాను, సరిగ్గా పదకొండు మగ్గులు. "ఇది పాదాలకి. పాపం, రోజంతా మోస్తాయి. ఇది మోకాళ్ళకి. ఇది వీపుకి, నేనెప్పుడూ చూడకపోయినా అక్కడే ఉంటాది, నమ్మకస్తురాలు." ఇలా ఒక్కో అవయవానికీ సన్మానం చేస్తూ పోసుకునేవాడు. మధ్యలో మగ్గు గాల్లో ఆపి, చెవి పైకెత్తి ఏదో వినేవాడు. విని, "అబ్బబ్బబ్బ!" అని గబగబా మిగిలినవి దిమ్మరించుకునేవాడు. ఎవరైనా వస్తున్నారేమోనని చెవులు రిక్కిస్తున్నాడని నాకు అర్థమైపోయింది. దొంగకి కాక ఇంకెవరికుంటుంది అంత జాగ్రత్త?

"నీళ్ళు రాని రోజున ఏం చేస్తావు బాబాయ్?" అని ఏమీ ఎరగనట్టు అడిగాను.

"కొండ కింద బావి ఉన్నాది కదేటమ్మా. అర మైలు నడక. దారిలో నలుగురు పలకరిస్తారు. స్నానానికి స్నానం, కబుర్లకి కబుర్లు."

ఇంట్లో కుళాయి కట్టేసి అర మైలు నడిచి బావికి వెళ్ళే మనిషిని మీరెక్కడైనా చూశారా? ఇది కట్టుకథ కాకపోతే నా చెవి కోసిస్తాననుకున్నాను.

టీకొట్టు దగ్గర రెండో సాక్ష్యం దొరికింది. కొత్తగా వచ్చిన టీకొట్టు భయ్యాకి తెలుగు రాదు. బాబాయ్‌కి అర గ్లాసు టీ అలవాటు. సగం పోయగానే "చాలు భయ్యా, చాలు" అన్నాడు. హిందీలో చాలూ అంటే ఆపకుండా నడుస్తోందని కదా, భయ్యా ఆపకుండా పోశాడు. "చాలు! చాలు!" అని బాబాయ్ అరిచినకొద్దీ గ్లాసు పొర్లి బల్ల మీద ఏరు పారింది.

"అరే దాదా, ఆప్ హీ తో బోలే, చాలూ చాలూ!" మీరేగా పోయమన్నారు అన్నట్టు అన్నాడు భయ్యా బిక్కమొహం వేసి.

బాబాయ్ నిండు గ్లాసుని అటూ ఇటూ చూసి, ఒక గుక్క తాగి, "నిండుగా కూడా బాగానే ఉన్నాది సుమీ" అని మురిసిపోయాడు.

ఇంటికొచ్చి మణికుమార్‌తో చెప్పాను. "చూశారా, అర గ్లాసు అడిగి నిండు గ్లాసు కొట్టేశాడు! హిందీలో జిత్తులమారి మనిషిని కూడా చాలూ అనే అంటారు, తెలుసా? తన గుణం తనే రోజుకి వందసార్లు ఒప్పుకుంటున్నాడు, మనమే వినిపించుకోవడం లేదు."

"అర గ్లాసు టీకి కుట్ర చేసేవాడెవడే?" అన్నాడాయన.

"అర గ్లాసుతో మొదలుపెడతారు" అన్నాను.

నిమ్మకాయ అప్పు వంకతో కిందికి వెళ్ళి ఇల్లంతా గాలించాను. దొడ్డి చూశాను, మంచం కింద చూశాను. మోటారూ లేదు, దొంగ పైపూ లేదు. మీకు చెప్పొద్దూ, దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా బలపడింది. ఇంత బాగా దాచాడంటే ఎంత పెద్ద మోటారో! బాబాయ్ మాత్రం నా వెనకే తిరుగుతూ, "అదిగో, ఆ కిటికీలోంచి సాయంత్రం ఓడ వెళ్ళడం కనిపిస్తాది. ఇదిగో, ఈ కుర్చీకి మూడు కాళ్ళే, గోడకి ఆనిస్తే ఊగుతాది, మజా ఉంటాది" అంటూ అన్నీ చూపించాడు. నిమ్మకాయలు రెండిచ్చాడు. ఒకటి అడిగితే రెండెందుకిచ్చాడు?

ఆ రాత్రే ఫిర్యాదు రాశాను. నీళ్ళ ఆఫీసుకి కాబట్టి హిందీలో రాశాను. తెలుగులో చెప్పాలంటే ఇదీ: "అయ్యా, మా కొండ మీద లోకనాథం అనే ఆయన ఒక్క బకెట్టు నీళ్ళతో, అంటే పదకొండు మగ్గులతో స్నానం చేసి, రోజంతా సంతోషంగా ఉంటున్నాడు. ఒక్క బకెట్టుతో ఏ మనిషీ ఇంత సంతోషంగా ఉండలేడు. దీని వెనక దొంగ మోటారు ఉందని గట్టి అనుమానం. విచారించగలరు. ఇట్లు, ఒక దుఃఖిత పౌరుడు." పేరు పెట్టలేదు. పౌరుడు అని మగవాడిలా రాయడం నా తెలివి.

నాలుగో రోజుకల్లా నీళ్ళ ఆఫీసు లైన్‌మన్ వచ్చాడు. నేను గోడ వెనక కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతున్నట్టు నటించాను.

"మోటర్ హై క్యా?" అని బాబాయ్‌ని నిలదీశాడు.

"మోటరా? నాకెందుకు సాబ్? ఏక్ బాల్టీ, ఒక్క బకెట్టు చాలు."

"చాలూ? మోటర్ చాలూ హై?"

"నహీఁ సాబ్, మోటర్ నహీఁ. పానీ... చాలు!"

"పానీ చాలూ? ఆజ్?" లైన్‌మన్ కళ్ళు పెద్దవయ్యాయి. ఆ రోజు నీళ్ళు వదిలే రోజు కాదు మరి. గబగబా పుస్తకంలో రాసుకున్నాడు. బాబాయ్ పుట్టింది ఈ దీవుల్లోనే, హిందీ నీళ్ళలా మాట్లాడతాడు. కానీ అలవాటైన మాట అడ్డం పడితే ఏ భాషా ఆదుకోదు. సర్దిచెప్పబోయి ఇంకో మూడుసార్లు చాలు అన్నాడు. లైన్‌మన్ ఇంకో మూడు గీతలు రాశాడు. నాకు పైన పండగ!

లైన్‌మన్ దొడ్డంతా వెతికి, ఏమీ దొరక్క, చివరికి హుకుం వేశాడు. రేపు నీళ్ళొచ్చినప్పుడు గంటసేపూ కుళాయి కట్టడానికి వీల్లేదు. తను కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఎన్ని నీళ్ళొస్తాయో కొలిచి, తేడా ఉంటే కనెక్షన్ కోసేస్తాడు. "గంటసేపా సాబ్?" అని బాబాయ్ నీరసంగా అడగడం విన్నాను. మొదటిసారి ఆ మొహంలో నవ్వు లేదు. దొరికాడు దొంగ అనుకుని, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మర్నాడు ఆరుంబావైంది. మా కుళాయి పలకలేదు. ఆరున్నరైంది. ఒకసారి గురకపెట్టి ఊరుకుంది. మణికుమార్ ఖాళీ బిందెకేసి చూసి, నాకేసి చూసి, "పాత ఇల్లు ఇంకా ఖాళీగానే ఉందట" అన్నాడు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, ఆ లోకనాథం భరతం పడదామని మెట్లు దిగాను. సగం దిగేసరికి మాటలు వినపడి ఆగాను.

బాబాయ్ వాకిట్లో బిందె, బకెట్టు, గిన్నెలు, చివరికి చెంబు కూడా నిండి పొర్లుతున్నాయి. ఆయన లైన్‌మన్ కుర్చీ చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"సాబ్, బంద్ కర్నే దో సాబ్! మేరా నల్ ఖులా రహేగా తో ఊపర్ పానీ నహీఁ చఢేగా! పైన మా అమ్మాయి ఇల్లు ఉన్నాది. ఆళ్ళు కొత్తగా కట్టుకున్నారు. ఇక్కడ కట్టేస్తేనే అక్కడికి ఎక్కుతాది. నా కనెక్షన్ కోసేస్తే కోసేయండి, ఇప్పుడు మాత్రం కట్టనీయండి!"

నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. నీళ్ళు మెట్లెక్కడానికి పావుగంట పడుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఎక్కేది నీళ్ళు కాదు, ఎక్కించేది బాబాయ్. ఆరూ పదికి ఆయన కట్టేస్తేనే మా బిందె నిండుతోంది. నేను తాగిన ప్రతి గుక్కా ఆయన వద్దనుకున్నదే. సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నేళ్ళ నా అనుమానాల్లో ఒక్కసారైనా నన్ను నేను అనుమానించుకుని ఉంటే ఎంత బాగుండేది!

లైన్‌మన్ చెడ్డవాడేమీ కాదు. విషయం అర్థమై తనే లేచి కుళాయి కట్టేశాడు. 'మోటారు లేదు' అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఏడు గంటలు కావడానికి ఇంకా పావుగంట ఉంది. పైన మా ఖాళీ బిందెలో ధార పడటం మొదలైంది, కింద వాకిట్లోకి కూడా వినిపించింది. బాబాయ్ చెవి పైకెత్తి, కళ్ళు మూసుకుని, "అబ్బబ్బబ్బ!" అన్నాడు. నీళ్ళొచ్చిన రోజల్లా ఆయన స్నానం మధ్యలో ఆగి వినేది ఆ చప్పుడే.

సాయంత్రం నెత్తళ్ళ చేపల వేపుడు చేసి పట్టుకెళ్ళాను. మూత తీసి చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ వేపుడు చూశాడు.

"ఏటి తల్లీ, ఊరికే తెచ్చావా?" జన్మలో మొదటిసారి ఆ మనిషి కళ్ళలో అనుమానం!

"ఊరికే బాబాయ్. ఇకనుంచి నువ్వు ఆరున్నరదాకా నీళ్ళు పట్టుకోవాలి. ఆ తర్వాత మాకు. అలా అయితేనే మేం ఆ ఇంట్లో ఉంటాం" అన్నాను. ఏడుపొచ్చేసింది. "ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"సెప్తే నువ్వు మొహమాటపడి నీ కుళాయి కట్టేస్తావు. నాకేమో ఆ చప్పుడు లేకపోతే స్నానం చేసినట్టే ఉండదు. నా మజా నేను చూసుకున్నాను, అంతే." వేపుడు నోట్లో వేసుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత చేతులు కడుక్కుని, ట్రంకుపెట్టెలోంచి ఒక కాగితం తీశాడు.

నా ఫిర్యాదు! జెరాక్స్ కాపీ!

"లైన్‌మన్‌ని అడిగి తీయించుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నాకెవరూ ఒక్క మంచి మాట కాగితం మీద పెట్టి ఇవ్వలేదమ్మా. ఇందులో చూడు, ఏ మనిషీ ఇంత సంతోషంగా ఉండలేడు అని రాశారు. ప్రభుత్వం దాకా వెళ్ళింది!"

"ఎవరు రాశారో..." అన్నాను, గోడ మీద బల్లిని చూస్తూ.

"పదకొండు మగ్గులు లెక్కెట్టాలంటే పైనుంచే చూడాలి కదేటమ్మా" అని నవ్వి, జేబులోంచి పెన్ను తీసి నా చేతికిచ్చాడు. "ఫ్రేము కట్టిద్దామనుకున్నాను. సంతకం లేని సర్టిఫికెట్టు చెల్లదు. కింద సంతకం పెట్టు తల్లీ."

పెన్ను తీసుకున్నాను. 'దుఃఖిత పౌరుడు' అన్నది కొట్టేసి, 'రాజకుమారి, పై ఇల్లు' అని రాశాను. బాబాయ్ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివి, "తేదీ కూడా వేయమ్మా" అన్నాడు.