నేను చేయని ఫోను

ఎనభైల చివర్లో వరంగల్‌లోని ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసేదాన్ని. పుస్తకాల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని. ఆ ప్రోగ్రాం ఉచితం. ఎవరైనా ఫ్లాపీలో కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. దాన్నే హైదరాబాద్ కంపెనీ ఒకటి ఏడాదికింత అని డబ్బు తీసుకుని ఇచ్చేది. ఎక్కడైనా ఆగిపోతే ఫోనులో దారి చెప్పేది.

మా లైబ్రేరియన్ సార్ కంపెనీదే కావాలని పట్టుబట్టారు. కాలేజీ కమిటీలో హెడ్ క్లర్క్ నవ్వాడు.

"ఉత్తగ దొరికేదానికి పైసలేంది సార్? రేపు ఎండకు గూడ కిరాయి కడ్తరా?"

"ప్రోగ్రాం ఉత్తదే. అది ఆగిననాడు మీరొచ్చి నడిపిస్తరా? ఏడాది చూడుర్రి. పనికి రాకపోతే నన్నడుగుర్రి" అన్నారు సార్.

కమిటీ ఒక ఏడాదికి ఒప్పుకుంది. పదివేలవ పుస్తకం దగ్గర ప్రోగ్రాం మొరాయించింది. నంబరు కొడితే తీసుకోదు.

"కంపెనీకి ఫోన్ కొట్టు బిడ్డా" అన్నారు సార్.

ఫోను హెడ్ క్లర్క్ గదిలో ఉండేది. కంప్యూటర్ వాళ్ళతో ఇంగ్లిషులోనే మాట్లాడాలని నా నమ్మకం. ఇంగ్లిషు నవలలు ఎన్నో చదివాను గాని, ఒక్క వాక్యం పైకి పలికింది లేదు. అడగవలసిన నాలుగు ముక్కలు డైరీలో తెలుగు అక్షరాలతో రాసుకుని బట్టీ పట్టాను. మూడు రోజులు ఆ గది గడప దాకా వెళ్ళి తిరిగొచ్చాను. కొత్త పుస్తకాలు రిజిస్టర్లో చేత్తో రాశాను. నాలుగో రోజు సార్ అడిగారు.

"చేసిన సార్. ఎత్తుతలేరు" అన్నాను.

సార్ నమ్మారు. కమిటీ అడిగితే అదే చెప్పారు. వచ్చే ఏడాదికి కంపెనీ వద్దని తీర్మానించారు. ఆ తర్వాత సార్ వరండాలో కనిపిస్తే చాలు, హెడ్ క్లర్క్ "ఎత్తిండ్రా సార్ ఫోను?" అనేవాడు. సార్ తలవంచుకుని వెళ్ళేవారు.

గడువు ముగిసే వారంలో కంపెనీ మనిషి వచ్చాడు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడట. పది నిమిషాల్లో ప్రోగ్రాం నడిపించి నా రిజిస్టర్ చూశాడు.

"ఇన్నొద్దులు చేత్తోటి రాసినవా చెల్లె? ఒక్క ఫోన్ కొడితే నేనే చెప్తుంటి గద. పొద్దంత దాని పక్కనే కూసుంట."

సార్, హెడ్ క్లర్క్ అక్కడే నిలబడి ఉన్నారు. సార్ నా వైపు చూశారు. నా ముఖంలో ఆయనకు అంతా కనిపించి ఉండాలి.

"లైన్లు ఖరాబున్నయేమో తియ్" అన్నారు.

హెడ్ క్లర్క్ మళ్ళీ నవ్వాడు. అప్పుడైనా నిజం చెప్పి ఉంటే సార్ మాట నిలిచేది. దానికి ఇంగ్లిషు కూడా అక్కర్లేదు. నేను పదివేలవ పుస్తకం నంబరు కొడుతూ కూర్చున్నాను.