ఆకాశ ఓడకి బొగ్గేసేదెవరు?

నూకమ్మది బొబ్బిలి పక్క ఊరు. మొగుడు పోయాక అతని రైల్వే ఉద్యోగం ఆమెకిచ్చి, హిందీ మాట్లాడే పై రాష్ట్రంలో, కిరండూల్ లైన్లో పట్టాల గ్యాంగులో వేశారు. గనుల కొండ మీంచి ఇనప రాయి గూడ్సుబళ్లు ఆ పట్టాల మీదే సముద్రానికి దిగుతాయి. బోల్టులు బిగించడం ఆమె పని. కథలు చదవడం ఆమె పిచ్చి. డ్రాగన్లూ, దెయ్యాలూ, మంత్రగాళ్లూ ఏదీ వదల్లేదు. తెలుగులో దొరక్కపోతే హిందీలో, ఫోనులో చదివేది. అన్నిట్లోకీ స్టీమ్‌పంక్ అంటే ప్రాణం: ఆవిరితో ఎగిరే ఓడలు, కీ ఇస్తే నడిచే ఇత్తడి మనుషులు.

ఓ ఆదివారం రైల్వే కాలనీ క్లబ్బులో పుస్తకాల సభ జరిగింది. రిటైరైన యేసుపాదం మేష్టారు ఆవిరి కథల్ని తెగ మెచ్చుకుని, దెయ్యాల కథలు చదువురానోళ్లకని తేల్చేశారు.

నూకమ్మ లేచి నిలబడింది.

"దెయ్యం నయమండి మేష్టారూ. నాకన్యాయం జరిగిందని అడగడానికైనా వస్తాది. మీ ఆవిరి ఓడలో దొరలు టీ తాగుతారు, దొరసాన్లు కత్తులు తిప్పుతారు. బొగ్గేసినోడు ఒక్కడైనా నోరిప్పేడా?"

ఎవరో నవ్వారు.

"కల్పనమ్మా అది. అందులో నీ గ్యాంగు పని వెతుక్కుంటే ఎలా?" అన్నారు మేష్టారు.

"అంత ఓడని ఊహించినోడికి బోల్టు బిగించే ఆడదాన్ని ఊహించడం బరువైపోనాదేటండి?"

"నచ్చకపోతే చదవడం మానెయ్."

"మాననండి. ఇష్టం కాబట్టే తగువాడతన్నాను."

తర్వాతి సభకి అందరికీ కబురెళ్లింది, ఆమెకి తప్ప. నూకమ్మ రెండ్రోజులు ఒక్క కథా చదవలేదు. మూడోరోజు పట్టాల పక్కన సద్ది విప్పుకుని, గ్యాంగు ఆడవాళ్లకి హిందీలో సొంత కథ మొదలెట్టింది. అందులో ఓడ నడిపేది గ్యాంగు ఆడవాళ్లే.

"ఓడకి ఇనుమెక్కడిది?" అంది ఆ కొండల్లోనే పుట్టిన గోండు పిల్ల మంగి.

"మన కొండదే."

"కొండనడిగి తీసుకున్నారా?"

నూకమ్మ ఆ సాయంత్రం ఇంటికెళ్లి నోటుబుక్కు తీసింది. రాస్తుంటే, ఎవరెన్ని మీటలు నొక్కినా ఆమె కథలో ఓడ లేవలేదు. అందరూ దిగి, అడగడానికి కొండ దగ్గరికి నడవాల్సొచ్చింది.

సభనాడు పిలవకపోయినా వెళ్లింది, మంగిని వెంటబెట్టుకుని. మేష్టారు మొదటి పేజీ చూసి, "ఇది ఏ రకం కథ? దీనికసలు పేరుందా?" అన్నారు.

"పేరు తర్వాత పెడుదురుగాని. ముందు కూకోండి," అని నూకమ్మ నోటుబుక్కు వెనక్కి తీసుకుని చదవడం మొదలెట్టింది. ముప్పావుగంట చదివింది. మధ్యలో ఎవరూ లేచి వెళ్లలేదు, మేష్టారు కూడా.