సూర్యాపేట బస్సుకు ముందు ఒక గంట

నేనూ మా అన్నా పదో తరగతి ఒకే గదిలో చదివాం. అన్న నాకంటే రెండేళ్లు పెద్ద. ఇద్దరం ఒకే తరగతిలోకి ఎలా వచ్చామన్నది ముందు చెప్పాలి.

మాది కోదాడకూ నడిగూడేనికీ మధ్య ఒక తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడతాం. ఒకటో తరగతిలో చేరేనాటికి అన్నకు తెలుగు ఒక్క ముక్క రాదు. పంతులు ఏం చెబుతున్నాడో తెలియక, పక్కవాడు పలక ఎత్తితే తనూ ఎత్తేవాడు. దెబ్బలు తిన్నాడు, బడి మానేసి రెండేళ్లు మేకల వెంట తిరిగాడు. ఆ తిరుగుడులో తెలుగు వచ్చింది. దాన్ని నాకు ఆటగా నేర్పాడు. "సార్ కూసో అంటె కూసోవాలె, లెవ్ అంటె లెవ్వాలె" అంటూ మేకల మధ్య నన్ను లేపి కూర్చోబెట్టేవాడు. తర్వాత ఇద్దర్నీ కలిపి ఒకటో తరగతిలో వేశారు. పంతులు అడిగినదానికి మొదటి రోజే జవాబు చెప్పాను. తెలివైనోడు అన్నారు. తెలుగు వచ్చినా, పాత దెబ్బల భయానికి అన్నకు నోరు లేవలేదు. మొద్దు అన్నారు. ఆ రెండు పేర్లూ కోదాడ హైస్కూలు దాకా మా వెంటే వచ్చాయి.

అన్నకు బస్సు కండక్టర్ కావాలని ఉండేది. అందుకు పదో తరగతి పాస్ కావాలి. మిగతావన్నీ ఎలాగో గట్టెక్కుతాయి. లెక్కలే భయం.

లెక్కల సారు రోజూ సూర్యాపేట నుంచి వచ్చి వెళ్లేవాడు. బడి వదిలాక ఆయన బస్సుకు ఒక గంట ఉండేది. ఆ గంటలో ఎవరికి చెప్పాలన్నది హెడ్మాస్టరు తేల్చాడు. మంచి మార్కులు తెచ్చే పది మందికి. ఆయన చెప్పిన కారణాలు మూడు. ఒకటి, బడికి పేరొస్తుంది. రెండు, వెనకబడ్డవాళ్లు చాలా మంది, గంట చాలదు. మూడు, వాళ్లకు ఎంత చెప్పినా పాస్ మార్కుల దగ్గరే ఆగుతారు. ఆ వయసులో ఈ మూడింటిలో నాకు తప్పు కనిపించలేదు. మూడో కారణాన్ని అర్థం చేసుకోవాల్సిన తీరే వేరని తర్వాత తెలిసింది. అన్నకు కావాల్సింది ఆ పాస్ మార్కులే.

మా ఇద్దరికీ ఒకటే సైకిలు. అందుకని నేను లోపల లెక్కలు చేస్తుంటే, లెక్కలు రాని మా అన్న బయట సైకిలు పట్టుకుని నా కోసం కూర్చునేవాడు.

ఒక సాయంత్రం వాన పట్టింది. సారు కిటికీలోంచి చూసి, "ఏందిరా గాడ నానుతున్నవ్, లోపలికొచ్చి ఎనక కూసో" అన్నాడు. అన్న వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. సారు బోర్డు మీద సమీకరణం రాసి, ఇటున్న అంకెను అటు పంపి ప్లస్సును మైనస్ చేశాడు.

"సార్, అటు పోతె గుర్తు ఎందుకు మారుతది?" అన్నాడు అన్న.

ముందు బెంచీవాడు వెనక్కి తిరిగాడు. "తండ నుంచి కోదాడకొస్తె నువ్వు మారలే? గట్లనే."

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. సారు కోప్పడలేదు, గడియారం చూసుకున్నాడు. "అది ఏడో తరగతిల అడగాల్సింది బిడ్డా. ఇప్పుడు చెప్పుకుంట కూసుంటె నా బస్సు పోతది. ఇంటికాడ తమ్మున్నడుగు."

దారిలో అన్న నన్ను అడిగాడు. గుర్తు మార్చడం నాకు వచ్చు, ఎందుకు మారుతుందో రాదు. "అది అంతే అన్నా" అన్నాను. మర్నాడూ వాన పడింది. సారు పిలిచినా అన్న లోపలికి రాలేదు, సైకిళ్ల షెడ్డు కింద నిలబడ్డాడు.

మార్చిలో నాకు లెక్కల్లో తొంభై దాటాయి. ఆ గంట లేకపోయినా ఎనభై వచ్చేవి, పాలిటెక్నిక్ సీటూ వచ్చేది. అన్నకు లెక్కలు పోయాయి. పాస్‌కు నాలుగైదు మార్కులు తక్కువ. నేను సూర్యాపేట హాస్టల్లో చేరాను. అన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో చేరాడు.

తప్పినవాళ్లు మళ్లీ రాసే సెప్టెంబర్ పరీక్షకు పేరివ్వడానికి ఇంకా గడువుండగా మిల్లుకు వెళ్లాను. అన్న తలకు తువ్వాలు చుట్టుకుని, ఒళ్లంతా ఊకతో బయటికొచ్చాడు.

"సెప్టెంబర్ల రాయి అన్నా. ఒక్కటే సబ్జెక్టు."

"చెప్పేదెవరు?"

"నేను జెప్త. ఆదివారం ఆదివారం వస్త."

"ఆదివారం గూడ లోడింగ్ ఉంటది తమ్మీ." తువ్వాలు విప్పి దులిపాడు. "ఈడ గూడ లెక్కలే. బస్తాలు లెక్కవెడుతున్న. గుర్తు మారుడు లేదు, ఏం లేదు."

"నవ్వులాట గాదన్నా."

"నేను నవ్వుతలేను. మల్ల గా పుస్తకం ముంగట కూసుంటె, మల్ల మొద్దునైత. ఈడ నన్నెవ్వడు అట్ల అంటలేడు."

లోపల్నుంచి మేస్త్రీ కేకేశాడు. "తిన్నవా?" అని నన్ను అడిగి, జవాబు వినకుండానే అన్న లోపలికి వెళ్లిపోయాడు.

ఆ సెప్టెంబర్‌లో అన్న పరీక్ష రాయలేదు. ఆ తర్వాతా రాయలేదు. నేను రెండో సంవత్సరంలో ఉండగా కండక్టర్లు కావాలని పేపర్లో పడింది. అన్నకు ఎత్తు సరిపోతుంది, వయసు సరిపోతుంది, తెలుగు నాకంటే బాగా మాట్లాడతాడు. పదో తరగతి పాసై ఉండాలన్న వరుస దాకా చదివి, పేపరు మడిచి హాస్టల్ బల్ల మీద పెట్టేశాను. ఆ వారం ఇంటికి వెళ్లినప్పుడు అన్నా వచ్చాడు. ఆ మాట ఎత్తలేదు.