స్వామిని కూతకు పంపిన లెక్క

ఆ రోజుల్లో నాయకత్వం గురించి ఎవరూ పాఠాలు చెప్పేవారు కాదు. బ్యాటు ఎవరిదైతే క్రికెట్ కెప్టెన్ వాడే. కబడ్డీకి సొంత వస్తువేదీ అక్కర్లేదు కాబట్టి మా ఆళ్లగడ్డ జట్టు కెప్టెన్ పదవి నాదాకా వచ్చింది. నాకు ఒళ్లు లేదు, ఊపిరీ అంతంతమాత్రమే. ఉన్నదల్లా లెక్క. అదీ ఎవరూ నేర్పింది కాదు, బస్సుల నంబర్లు కూడుకుంటూ నాకు నేనే పట్టుకున్న విద్య. ఎవరు ఎన్నిసార్లు కూతకు వెళ్లారు, ఎన్నిసార్లు దొరికారు, అంతా జేబులో చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ణి. (అది ఇప్పటికీ నా దగ్గరుంది. నవ్వేవాళ్లు నవ్వండి.)

ఒకసారి అహోబిలం తిరునాళ్లలో మా కాలేజీ కుర్రాణ్ణి చూశాను. అర్చకుల ఇంటివాడు, అందరం స్వామి అనేవాళ్లం. తడిబట్టతో, భుజాన నీళ్ల బిందెతో, కిక్కిరిసిన జనంలోంచి గుడికి వెళ్తున్నాడు. మడిలో ఉండగా ఎవరు తాకినా, కన్నతల్లి తాకినా, మళ్లీ స్నానం చేయాల్సిందే. నేను నిలబడి లెక్కపెట్టాను. ఎదురొచ్చినవాళ్లు నూటపద్నాలుగు మంది, తాకినవాళ్లు సున్నా. మర్నాడే వాణ్ణి జట్టులో చేర్చాను. సాధనలో ఇరవై ఆరుసార్లు కూతకు పంపితే ఒక్కసారీ ఎవరికీ దొరకలేదు.

నంద్యాలలో ఫైనల్. ఆఖరి కూత మాది, ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. ఒకరిని తాకితే సమానం, ఇద్దరిని తాకితే కప్పు మాది. అందరూ మాకు ఆట నేర్పిన మామ కొడుకు వైపు చూశారు. వాడి ఒళ్లు చూసి ట్రాక్టర్ అనేవాళ్లం. నేను స్వామిని పిలిచాను.

మామ గీత దగ్గరికి వచ్చాడు. "ఏందిరా, అయ్యవారిని పంపుతాండావు? ఆడేమన్నా పూజ ఉందా?"

"ట్రాక్టర్ ఆఖరి కూతకు ఆరుసార్లు పోతే ఐదుసార్లు దొరికినాడు మామా. స్వామి ఒక్కసారీ దొరకల్యా."

"పుస్తకం జేబులో పెట్టి మనిషిని చూడరా."

"కెప్టెన్ నువ్వా నేనా?"

"ఈ పొద్దుటికి నువ్వేలే."

స్వామి వెళ్లాడు. ఏడుగురు మీద పడ్డారు. వంగాడు, జారాడు, ఒక్క వేలు కూడా తగలనివ్వకుండా నవ్వుతూ తిరిగొచ్చాడు. మైదానమంతా చప్పట్లు. వాడు ఎవరినీ తాకలేదు. మేం ఓడిపోయాం.

"తాకబోయినానన్నా," అన్నాడు మెల్లగా. "చెయ్యి దానంతటదే ఎనక్కి వచ్చింది."

పుస్తకం తిరగేశాను. ఇరవై ఆరు కూతల్లో వాణ్ణి పట్టినవాళ్లెందరో రాశాను. వాడు తాకినవాళ్లెందరో రాయనేలేదు.

తిరుగు బస్సులో ట్రాక్టర్ తీర్మానించాడు. "ఊర్లో అడిగితే స్వామి ఓడగొట్టినాడని చెప్దాం."

కిటికీ పక్కన స్వామి తల వంచుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. "పంపింది నేను. అడిగినోళ్లకు నా పేరు చెప్పండి. వాని పేరు ఎవుడూ ఎత్తేది లేదు."

"అయితే కెప్టెన్సీ దిగు," అన్నాడు మామ.

"దిగుతా. ఈ మాట మాత్రం మార్చను."

"దిగేది ఆళ్లగడ్డలో. ముందు కూర్చో అప్పా," అన్నాడు కండక్టర్.

మళ్లీ కెప్టెన్‌ను కాలేదు. మామ ఇప్పటికీ నా లెక్క తప్పంటాడు. సగమే తప్పని నేనంటాను. కూతకు వెళ్లినవాడి మీద ఓటమి తోసి కూర్చునేవాడు ఎన్ని కప్పులు గెలిచినా నా పుస్తకంలో నాయకుడు కాడు.

మొన్న తిరునాళ్లకు అహోబిలం వెళ్లాను. అదే జనం, అదే తడిబట్ట, భుజాన అదే బిందె, కొత్తగా కాస్త పొట్ట. స్వామి నన్ను చూసి ఆగాడు. చేయి చాచి, ఈసారి వెనక్కి తీసుకోకుండా, నా భుజం మీద గట్టిగా ఒక్కటి తట్టాడు.

"ఒగటి," అన్నాడు.

బిందెలో నీళ్లు పారబోసి మళ్లీ స్నానానికి వెనుదిరిగాడు. నేను జనం మధ్య నిలబడి పెన్ను కోసం జేబులన్నీ తడుముకున్నాను. ఇన్నేళ్లకు స్కోరు సమానమైంది మరి, రాసుకోవద్దూ.