తేలిక పిస్తోలు

మా ఆయన చొక్కా గుండీలు నేను పెట్టడం మొదలుపెట్టిన చలికాలంలోనే మా వంటింట్లో ప్లాస్టిక్ పిస్తోలు గురించి వాదన మొదలైంది. ఆ రెండింటికీ సంబంధం ఉందని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

ఆయన కెనడాలో, హామిల్టన్ స్టీలు మిల్లులో రిటైరయ్యేదాకా వెల్డింగ్ చేశారు. మిల్లులో జతగా పనిచేసిన ఒక తెల్లాయన ఎప్పుడో ఒక శనివారం ఆయన్ని షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాడు. అప్పటికి మా ఆయనకి ఇంగ్లీషు సరిగా రాదు. గురి చూసి కాల్చడానికి మాటలు అక్కర్లేదు కాబట్టి అక్కడ ఆయనకి సుఖంగా ఉండేది. లైసెన్సు తీసుకుని, ఒక ఇనుప పిస్తోలు కొనుక్కుని, క్లబ్బులో చేరారు. వారమంతా ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడని మనిషి శనివారం సాయంత్రం వచ్చి ఏ తూటా ఎక్కడ తగిలిందో అన్నం తింటూ చెప్పేవారు. నేను వింటూ కూర వడ్డించేదాన్ని. మా ఇద్దరి మధ్య మాటలంటే చాలావరకు అవే.

ఈ వాదన మొదలైన ఏళ్ళలో మా వీధిలో బేస్‌మెంట్ ఉన్న ప్రతి ఇంట్లోనూ మన విద్యార్థులే. మా ఇంట్లో కింద కరీంనగర్ అమ్మాయి ఒకతె ఉండేది. పగలు కాలేజీ, సాయంత్రాలు పెట్రోలు బంకులో పని. నాకు అక్షరాలు నేర్పింది ఆ అమ్మాయే. జీవితమంతా హాస్పిటల్ లాండ్రీలో దుప్పట్లు మడిచిన నేను, అరవైకి దగ్గరపడ్డాక దాని పక్కన కూర్చుని అ ఆలు దిద్దాను.

మా ఆయన, ఆ మిల్లు స్నేహితుడు కాక వాదనకు వచ్చే మూడో మనిషి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మన తెలంగాణ అబ్బాయి. అబ్బాయి అంటున్నాను గానీ నలభై దాటాయి. టెక్సస్‌లో చాలా ఏళ్ళుండి, వీసా తేలక ఇటు వచ్చేశాడు. అక్కడ పిస్తోలు నడుముకు పెట్టుకునే కూరగాయలకి వెళ్ళేవాడట. ఇక్కడికొచ్చాక అలాంటిదే, పిడి భాగమంతా ప్లాస్టిక్‌తో చేసినది ఒకటి కొన్నాడు. కొత్త పిస్తోళ్ళ అమ్మకం ప్రభుత్వం ఆపేయక ముందే అతను కొనేశాడు.

"ఏటిరా ఇది, పిల్లలు తిరణాల్లో కొనుక్కునే బొమ్మలాగుంది," అన్నారు మా ఆయన దాని ఫొటో చూసి.

"అన్నా, నీ ఇనుప ముద్ద పొద్దంతా నడుముకు పెట్టుకొని తిరుగు, తెలుస్తది. ప్యాంటు మోకాళ్ళ కాడికి జారుతది."

"ప్యాంటు జారితే బెల్టు కొనుక్కోవాలి గానీ తుపాకీ మార్చేస్తారేటి?"

మెట్ల మీద నిలబడి వింటున్న కరీంనగర్ అమ్మాయి నవ్వింది. అంతకు ముందు వారమే వాళ్ళ బంకులోకి ముఖానికి గుడ్డ కట్టుకున్నవాడు చొరబడి గల్లాపెట్టె ఊడ్చుకుపోయాడు. ఆ భయం దానికింకా పోలేదు.

"అంకుల్, నేను గూడ లైసెన్స్ తీసుకొని బ్యాగుల పెట్టుకోవచ్చా?"

"ఇక్కడ అట్ల నడవదమ్మా," అన్నాడు టెక్సస్ అబ్బాయి. "రేంజ్‌కి కొంచబోవాలన్నా ట్రిగ్గర్‌కి ఒక తాళం, డబ్బాకి ఒక తాళం."

"దొంగొస్తే ఉండు నాయనా, తాళాలు తీసుకుని వస్తానని చెప్పాల," అన్నారు మా ఆయన. అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత ఆయన మాటకి నలుగురూ నవ్వడం నేను చూశాను.

అప్పటికే ఆయన చేతుల్లో బలం తగ్గింది. పిస్తోలు పైభాగాన్ని వెనక్కి లాగితే గానీ తూటా లోపలికి పోదు. ఆ లాగడం ఆయనకి కష్టమైపోయింది. డాక్టరు ఇంకో పెద్ద డాక్టరుకి రాశారు. ఆ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తూనే ఉన్నాం. కారు నడపడం మానేశారు గనక శనివారాలు నేనే దింపి, అద్దం వెనక గదిలో కూర్చునేదాన్ని. గురి బోర్డు మీద చిల్లులు మధ్యలోంచి అంచుకి, అంచునుంచి బయటకీ జరుగుతున్నాయని నాకు తెలిసేది.

మిల్లు స్నేహితుడు ఆ క్లబ్బులో రేంజ్ ఆఫీసర్. కాల్చేచోట ఎవరూ తప్పు చేయకుండా చూసేది అతనే. అతనికీ తెలిసే ఉండాలి. కానీ మా వంటింట్లో టీ తాగుతూ అతను ఇంగ్లీషులో స్ప్రింగు బిగుతు గురించి చెప్పేవాడు, పిడి లావుగా ఉందనేవాడు. టెక్సస్ అబ్బాయి ప్లాస్టిక్‌దైతే సగం బరువేనని, ముసలి చేతులకి అదే మందని అనేవాడు. మిల్లు స్నేహితుడు ఒప్పుకునేవాడు కాదు. నడుముకు పెట్టుకోవడానికి తేలిక మంచిదే గానీ కాల్చడానికి బరువే మంచిదనీ, ఇనుము సగం దెబ్బని తనే మింగుతుందనీ, తేలికది మొత్తం మణికట్టుకి పంపిస్తుందనీ చెప్పేవాడు. గంటలు గంటలు ఇదే. ఆ ముగ్గురూ తుపాకీకి పెట్టని వంక లేదు. చెయ్యి మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. నేనూ పకోడీలు వేసి మళ్ళీ పొయ్యి వైపు తిరిగేదాన్ని.

క్లబ్బు పోతే ఆయనకి మిగిలేది నేనూ టీవీయే. అది నాకు తెలుసు. ఆయనకి నాకంటే బాగా తెలుసు.

ఒక శనివారం టెక్సస్ అబ్బాయి తన పిస్తోలు ఆయన చేతికిచ్చాడు. రేంజ్‌లో సొంతదారు పక్కనే ఉంటే అలా ఇవ్వచ్చు. ఆయన దాన్ని అరచేతిలో ఎగరేసినట్టు చూసి ఏదో అన్నారు, ఇద్దరూ నవ్వారు. అద్దం వెనక నాకు వినబడలేదు. పైభాగం సులువుగా వెనక్కి వచ్చింది. ఆయన భుజాలు నిటారుగా అయ్యాయి. మొదటి తూటా బోర్డుకే తగిలింది. నాకూ ఆశ కలిగింది.

రెండోది పేలాక పిస్తోలు ఇరుక్కుపోయింది. పేలిన తూటా ఖాళీ గొట్టం బయటపడకుండా పైన నిలువుగా నిలిచిపోయింది. మణికట్టు వదులైతే తేలిక పిస్తోలు అలా ఇరుక్కుంటుందని మా వంటింట్లోనే ఎన్నోసార్లు విన్నాను. ఇన్నాళ్ళూ ఇనుప పిస్తోలు తన బరువుతో ఆయన చేతిని కాస్తోంది. ఇది కాయలేదు.

అప్పుడాయన మిల్లులో చేసినట్టే చేశారు. యంత్రంలో ఏదన్నా ఇరుక్కుంటే పక్కవాడి వైపు తిరిగి, ఇదిగో చూడు అని చూపించడం ఆయనకి అలవాటు. పిస్తోలు చేతిలో ఉంచుకునే తిరిగారు. దాని మూతి టెక్సస్ అబ్బాయి పొట్ట మీదుగా జరిగి, అద్దం దగ్గరికి, నా దగ్గరికి వచ్చి ఆగింది. ముఖంలో ఇంకా నవ్వు ఉంది.

మిల్లు స్నేహితుడు కేక పెట్టి, రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకుని బోర్డుల వైపు తిప్పాడు. అందరూ కాల్చడం ఆపేశారు. టెక్సస్ అబ్బాయి గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయాడు. మా ఆయన మాత్రం ఇరుక్కున్న గొట్టాన్నే చూపిస్తున్నారు. ఏం జరిగిందో ఆయనకి తెలియడానికి కొంచెం సేపు పట్టింది. తెలిశాక ఎవరి ముఖమూ చూడకుండా వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

ఆయన్ని కారులో కూర్చోబెట్టి వస్తువులు తీసుకోవడానికి వెనక్కి వెళితే మిల్లు స్నేహితుడు తలుపు దగ్గర ఆపాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంక అతన్ని లోపలికి రానివ్వలేను. కానీ నా నోటితో నేను చెప్పలేను. నేనే కదా ఇక్కడికి తీసుకొచ్చింది," అన్నాడు.

క్లబ్బు ఉన్న కొండ దిగాం. కింద మిల్లు పొగ, దాని వెనక బూడిదరంగు సరస్సు. ఆయనే మొదలుపెట్టారు.

"చూశావా? ప్లాస్టిక్ బుద్ధి. వచ్చే వారం నాదే పట్టుకెళ్తాను."

"వచ్చే వారం వద్దండీ. ఇంక అసలు వద్దు."

"ఎవరన్నారు? వాడన్నాడా?"

అవునంటే ఆయనకి ఆ మిల్లు స్నేహం పోతుంది. అంత పాత స్నేహితుడు ఇంకెవరూ లేరు.

"ఎవరూ అనలేదు. నేనే అంటున్నాను. నాకు భయం వేసింది. నేనింక దింపను."

ఆయన నా వైపు చూడలేదు. "ఇన్నేళ్ళూ లేని భయం ఇప్పుడొచ్చిందేటి నీకు? నువ్వు దింపకపోతే నేను పోలేననే కదా?"

అది నిజమే.

ఆ నెలలోనే ఇనుప పిస్తోలు పోలీసులకి అప్పగించాం. టెక్సస్ అబ్బాయి తనకిమ్మని అడిగాడు గానీ కొత్త చట్టం ప్రకారం చేతులు మారడానికి వీల్లేదు. మాసిన గుడ్డతో దాన్ని తుడిచి డబ్బాలో పెట్టేటప్పుడు ఆయన నన్ను గదిలోంచి వెళ్ళమన్నారు. తర్వాత చాలాకాలం నా చేత గుండీలు పెట్టించుకోలేదు. గుండీలు పెట్టని చొక్కాతోనే కూర్చునేవారు, ఆ చలిలో.

స్నేహితులు మాత్రం రావడం మానలేదు. అందుకు నాకు సంతోషం. శనివారం రేంజ్ నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చి, స్ప్రింగులు, పిడులు, బరువులు అన్నీ మళ్ళీ మొదటినుంచీ వాదించుకునేవారు. మా ఆయన కూడా అంతే గట్టిగా వాదించేవారు. కొత్తగా ఎవరైనా వస్తే నా వైపు గడ్డం ఎత్తి చూపేవారు.

"నేనింకా కొట్టగలను. మా ఆవిడకి భయం. తనే మానిపించేసింది."

వచ్చినవాళ్ళు నన్ను చూసేవారు. మిల్లు స్నేహితుడికి తెలుగు రాదు గానీ ఆ మాటలప్పుడు ఏమంటున్నారో గ్రహించేవాడు. తల వంచుకుని ప్లేటులో పకోడీ ముక్కలు ఏరుతూ ఉండేవాడు. నేను అవునన్నట్టు తల ఊపి ఇంకో వాయ వేయడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళేదాన్ని.