గస్తీ ఫోటోలు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఫిబ్రవరి నెలలో, నన్ను రాయచూరు ఆఫీసు నుంచి తీసి మస్కి దగ్గరి కాలువ సబ్ డివిజన్‌కి వేశారు. హోదా అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్. పేరు పొడుగ్గా ఉంటుంది గానీ పని పొట్టిది. పెద్ద కాలువ నుంచి చీలిన ఉపకాలువలో నీళ్లు మొదటి తూము నుంచి చివరి తూము దాకా వెళ్లేలా చూడటం. మొదటి తూముకి నేను లేకున్నా వెళ్తాయి. నా జీతం చివరి తూము కోసం.

అప్పటిదాకా నా దగ్గరున్నది బటన్ల ఫోను. దానితో మాట్లాడొచ్చు, ఇష్టం లేకపోతే మాట్లాడకుండానూ ఉండొచ్చు. వాట్సాప్‌కి దూరంగా ఉండాలన్నది నా నిర్ణయం. చేరిన రోజే మా ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు దాన్ని మార్చేశారు. గ్రూపులో లేని ఆఫీసరు డ్యూటీలో లేనట్టే లెక్క అని కన్నడలో, మర్యాదగానే చెప్పారు. కొత్త ఫోను కొన్నాను, మాట్లాడటానికి పాతదీ ఉంచుకున్నాను. గ్రూపులో మా సిబ్బందీ, కాలువ పొడుగునా ఉన్న రైతులూ ఉన్నారు. పొద్దున్నే పూల బొమ్మలూ శుభోదయాలూ వచ్చేవి. వాటి మధ్యలో ఎక్కడో కాలువలో నీళ్లెంత ఉన్నాయో తెలిపే గేజి లెక్క ఉండేది.

మార్చిలో చివరి ఊళ్లకి నీళ్లు ఆగిపోయాయి. కవితాళ వైపు చివరి తూము కింద తిమ్మప్ప అనే రైతుకి నాలుగెకరాల వరి ఉంది. గింజ పాలు పోసుకునే దశ. వారంలోగా ఒక్క తడి అందకపోతే అంతా తాలు. ఆయన ఆఫీసుకొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పాడు.

"సార్, నీళ్లు ఫోన్ల మస్తు కనిపిస్తున్నయంట. పక్కింటి పిల్లగాడు చూపిచ్చిండు. కాల్వలనే కనిపిస్తలేవు."

ఇలాంటప్పుడు మేం 'వంతు' పెడతాం. ఐదు రోజులు పై తూములన్నీ మూసి నీళ్లు కిందికి వదలడం. ఆ రోజుల్లో గట్టు వెంట జీపులో గస్తీ తిరగాలి, ఎవరైనా మోటారు పెట్టి తోడుతుంటే తీయించాలి. గస్తీ జరుగుతోందని రుజువుగా గంటకో ఫోటో, స్థలం టైముతో సహా, గ్రూపులో పెట్టాలన్నది పై నుంచి ఆర్డరు. ఆర్డర్లు పాటించడం నాకు మొదటినుంచీ అలవాటు. రెండు రోజులు ఒక్క గంట కూడా తప్పకుండా పెట్టాను. ఫోటోలు బాగానే వచ్చాయి. ఒక్క మోటారూ దొరకలేదు. చివరి తూములో నీళ్లూ పెరగలేదు.

మూడోరోజు పొద్దున పన్నెండో మైలులో ఫోటో తీసి పెట్టి, కిందికి బయలుదేరాం. జీపులో నాతో నీరుగంటి ఈరన్న ఉన్నాడు. తూములు తెరిచి మూసే ఉద్యోగిని నీరుగంటి అంటారు. రెండు ఫర్లాంగులు పోగానే, సద్ది డబ్బా ఎనిమిదో మైలు షెడ్డులో మర్చిపోయానన్నాడు. సద్ది లేకుండా ఈరన్న పనిచేయడు, ఈరన్న లేకుండా నేను పనిచేయలేను. వెనక్కి తిప్పాం.

ఎనిమిదో మైలులో మూడు మోటార్లు హాయిగా నడుస్తున్నాయి. రెండు ఇక్కడి పాత ఊళ్లవాళ్లవి. మూడోది, సింధనూరు వైపు ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఆంధ్రా రైతు వెంకట్రావు గారిది. ఆయన కంగారు పడలేదు.

"రండి సారూ, మజ్జిగ పుచ్చుకోండి. ఇప్పుడేగా పన్నెండో మైలు దగ్గరున్నారు, ఇంతలోనే వస్తారనుకోలేదండీ."

ఎలా తెలుసని అడిగాను.

"గ్రూపులో పెట్టారుగా. ఫోటో బాగుందండీ, కొంచెం ఎండ మొహాన పడింది."

మజ్జిగ తాగాను, మోటార్లు తీయించాను. ఈరన్న సద్ది డబ్బా ఒళ్లో పెట్టుకుని జీపెక్కాడు. తర్వాత అన్నాడు.

"ఏంది సార్ గిట్ల, మనమెక్కడున్నమో మనమే చెప్తున్నం. నిన్నటి ఫోటో ఒకటి పెట్టున్రి, ఆడనే ఉన్నమనుకుంటరు."

ఆలోచన మంచిదే. కానీ అది సర్కారు రికార్డు. అబద్ధం రాయడానికి నాకు రెండేళ్ల సర్వీసే మిగిలింది, సరిపోదు. ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకి ఫోను చేసి, గంట గంటకీ ఫోటో తీస్తాను గానీ వంతు అయ్యాకే ఇస్తానన్నాను. బాధ్యత మీదేనని రాసివ్వండి అన్నారాయన. బానెట్ మీద కాగితం పెట్టి రాసి ఆఫీసుకి పంపాను. గ్రూపులో ఒక్క ముక్కా పెట్టలేదు.

మధ్యాహ్నానికి నా బటన్ల ఫోను మోగింది. వెంకట్రావు గారు.

"ఏంటి సారూ, గ్రూపులో కనపడటం లేదు, ఒంట్లో బాగుందా?"

"బాగుందండీ."

"ఎక్కడున్నారు?"

"కాలువ మీద."

"కాలువ మీదంటే, ఏ మైలు?"

"గట్టు మీదే."

ఆయన నవ్వారు, పెద్దగా కాదు. మేం ఆ పూట నిజానికి చాలా దూరంలో, టైరు పంక్చరై కూర్చున్నాం. అయినా సాయంత్రం ఎనిమిదో మైలుకి వెళ్లేసరికి మోటార్లు మళ్లీ దించలేదు, పైపులు చుట్టి పెట్టే ఉన్నాయి. జీపు ఎక్కడుందో తెలియకపోతే అన్నిచోట్లా ఉన్నట్టే అనుకుంటారని నాకు అంతవరకూ తెలియదు.

వంతు ఆఖరి రోజు పదకొండింటికి, చివరి తూముకి పంపిన ఈరన్న ఫోనులోంచి తిమ్మప్ప మాట్లాడాడు.

"సార్, మడిల నిలిచినయి. చెప్పులిడిచి దిగిన."

సరేనన్నాను. ఐదు రోజుల్లో మొదటిసారి అన్నం రుచి తెలిసింది. తిమ్మప్ప పంట నిలిచింది. నాకు రావాల్సిన మెమో రాలేదు. ఫోటోలన్నీ ప్రింటు తీయించి కవర్లో పెట్టి పంపితే ఫైల్లో చేర్చుకున్నారు.

గ్రూపు నుంచి వెంటనే బయటికి రాలేదు. వంతు తేదీలు అందులో పెట్టేవాణ్ణి, అదీ చివరి తూము గోడ మీద సుద్దతో రాయించిన తర్వాతే. రిటైరైన రోజు బయటికొచ్చాను. పూల బొమ్మలు లేని పొద్దులు అలవాటు కావడానికి ఒక్క రోజు కూడా పట్టలేదు.

వాట్సాప్ మంచిదా చెడ్డదా అని ఇప్పటికీ అడుగుతుంటారు. నాకు తెలిసింది కాలువ సంగతి ఒక్కటే. కబురు కూడా నీళ్లలాగే పోతుంది, పై తూమువాడికి ముందు అందుతుంది. ఏదైనా పెట్టే ముందు చివరివాడికి ఎప్పుడు చేరుతుందో చూసుకోవాలి. దానికి ఫోను అక్కరలేదు.